ఊక మునిగిన చోటు

మార్చి 11, మంగళవారం. ఉదయం ఆరున్నరకు అంకాలమ్మపాలెం ఏడో నంబరు బోదె చివరి తూములో నీళ్లు లేవు.

ఆ తూము కింద ఉన్నది ఒక్క చేను. ఎకరన్నర. అది సంపూర్ణమ్మది. దాళ్వా వరి, అంటే రెండో పంట, పొట్ట మీద ఉంది. ఆ దశలో చేను ఎండితే వెన్ను బయటికి వస్తుంది కానీ గింజ పట్టదు. ఏప్రిల్ పదో తేదీన కాలువలు కట్టేసి నీళ్లు ఆపేస్తామని అప్పటికే దండోరా వేశారు. ఐదు రోజులకొకసారి, ఉదయం ఆరు నుంచి పదకొండు దాకా ఆమె వంతు. మార్చి 6 వంతులో సగం నీళ్లే వచ్చాయి. 11న అసలు రాలేదు.

ఏడో నంబరు బోదె అనే ఆ పిల్లకాలువ పంట కాలువ దగ్గర మొదలై కిలోమీటరు ఎనిమిది వందల మీటర్లు నడుస్తుంది. దాని మీద పన్నెండు తూములు, ముప్పై ఒక్క మంది రైతులు. మధ్యలో నాలుగు వందల మీటర్లు గోల్ఫ్ కోర్సు గోడను ఆనుకుని పోతుంది. మూడేళ్ల కిందట ఆ గోడ లేదు. కొబ్బరితోటలు, వరిచేలు కలిపి తొంభై రెండు ఎకరాలు ఒక కంపెనీ కొని మెరక చేసి గోడ కట్టింది. ఉగాదికి, అంటే మార్చి 30న, ప్రారంభమని ద్రాక్షారామం వెళ్లే రోడ్డు మీద బోర్డు పెట్టారు. ఊళ్లో గోల్ఫ్ ఆడేవాళ్లు లేరు. అక్కడ కలుపు తీసే పనికి వెళ్లేవాళ్లు ఇరవై రెండు మంది ఉన్నారు. అందరూ ఆడవాళ్లే.

నీటి దొంగతనం పట్టుకోవడానికి ఆ బోదె మీద ఒక పద్ధతి ఉంది. వంతు ఉన్నవాళ్లు ముందే వెళ్లి మిగతా తూములన్నిటికీ గడ్డి కుక్కి, బురద మెత్తి, ఆ బురద మీద అరచేయి అద్ది వస్తారు. ముద్ర చెదిరితే ఆ తూము తీశారని అర్థం. దాని మీద పంచాయితీ జరుగుతుంది. సంపూర్ణమ్మ ఐదింటికే పదకొండు తూములకూ ముద్ర వేసి వచ్చింది. ఆరున్నరకు నీళ్లు లేకపోయేసరికి గట్టు వెంట వెనక్కి నడిచింది. మొదటి అనుమానం తన పైచేను త్రిమూర్తులు మీద.

త్రిమూర్తులు తూము మీదే కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు.

"రా వదినా. నీ చేతి ముద్రకి కాపలా కాస్తన్నాను. కాకి తొక్కినా నామీదే పెడతావని."

"కాకులు బోదెలో నీళ్లు మొత్తం తాగవులే."

"అయితే చూసుకో. ఐదు వేళ్లూ ఉన్నాయా? పోనీ లెక్కెట్టు."

ఐదు వేళ్లూ ఉన్నాయి. మిగతా పది తూముల దగ్గర కూడా ముద్రలు చెదరలేదు. తొమ్మిదింటికి మొదటి తూము దగ్గర పన్నెండు మంది పోగయ్యారు. ముద్రలు చెదరలేదు కాబట్టి రైతులెవరూ తీయలేదు. రైతులు తీయకపోతే మిగిలింది పైన షట్టర్ ఎత్తే లస్కర్ వెంకన్న ఒక్కడే. అంతకు ముందు శనివారం అతను గోల్ఫ్ కోర్సు గేటు లోపల టీ తాగడం ముగ్గురు చూశారు.

వెంకన్న ఇరవై ఆరేళ్లుగా ఆ కాలువ మీద పని చేస్తున్నాడు. పిలిస్తే సైకిల్ మీద వచ్చాడు. షట్టర్ మీద సుద్దతో గీసిన గీత చూపించాడు.

"తొమ్మిది అంగుళాలు ఎత్తానండి. రోజూ ఎత్తేది అంతే. ఇక్కడ దిగుతున్నాయండి, మీరే చూడండి."

"ఇక్కడ దిగితే అక్కడికి రావాలి కదా వెంకన్నా," అంది సంపూర్ణమ్మ. "మధ్యలో ఆవిరైపోతన్నాయా?"

"అదే నాకూ అర్థం కావట్లేదండి. ఊక వేసి చూడండి."

త్రిమూర్తులు నవ్వాడు. మిగతావాళ్లూ నవ్వారు. చేను గట్టుకి ఎండ్రకాయ బొరియ చేస్తే నీళ్లు ఎటు పోతున్నాయో తెలియదు. అప్పుడు నీళ్ల మీద గుప్పెడు ఊక చల్లుతారు. ఊక సుడి తిరిగి మునిగిన చోట బొరియ ఉంటుంది. అది చేలో చేసే పని. బోదెకు ఎవరూ చేయలేదు.

"బోదె మొత్తం తాగే ఎండ్రకాయ ఎంతుంటుందయ్యా? గేదంత ఉంటుందా?" అన్నాడు త్రిమూర్తులు. "గోల్ఫు వాళ్ల టీ బాగుందంటగా. అందులో ఊకేసి చూసుకో."

వెంకన్న సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు.

మార్చి 13న ప్రసన్నకుమార్ ఊళ్లోకి వచ్చాడు. అతను గోల్ఫ్ కంపెనీలో గ్రామాల వ్యవహారాలు చూసే ఉద్యోగి. అంతకు ముందు స్కూలుకి కుర్చీలు ఇచ్చింది, అమ్మవారి గుడికి రంగు వేయించింది అతనే. నీటి సంఘం అరుగు మీద చెప్పులు విడిచి కూర్చున్నాడు.

"మీ బాధ చూస్తే మాకూ బాధగానే ఉందండి. మా నీళ్లంటారా, మాకు మూడు బోర్లున్నాయండి. కాలువ నీళ్లు మాకెందుకు? లస్కర్ మీద అనుమానం ఉంటే రాతపూర్వకంగా పెట్టండి. నోటిమాటకి ఆఫీసులో విలువుండదు."

"రాయడం మాకెక్కడొస్తుంది బాబూ," అన్నారెవరో.

"మా ఆఫీసులో టైప్ చేయించి తెస్తానండి. మీరు సంతకాలు పెట్టండి చాలు."

సాయంత్రానికి అర్జీ వచ్చింది. పేజీన్నర. 'విధి నిర్వహణలో నిర్లక్ష్యం' అనే మాట మూడుసార్లు ఉంది. చదివి వినిపించింది ప్రసన్నకుమారే. మొదటి సంతకం సంపూర్ణమ్మది. ముప్పై ఒక్క మందీ పెట్టారు. గోడకు ఎగువన ఉన్న రైతులకు నీళ్లు సరిగానే అందుతున్నాయి. అయినా వాళ్లూ పెట్టారు.

మార్చి 15న వెంకన్నను మరో సెక్షన్‌కు మార్చారు. అంకాలమ్మపాలెం నుంచి అది పంతొమ్మిది కిలోమీటర్లు. అతని స్థానంలో ఎవరినీ వేయలేదు. షట్టర్ తాళం సెక్షన్ ఆఫీసుకు చేరింది. సుద్దగీత దగ్గరే షట్టర్ ఉంచి తాళం వేశారు.

మార్చి 16 వంతులో చివరి తూముకు నీళ్లు రాలేదు. ముద్రలు పదకొండూ అలాగే ఉన్నాయి.

మర్నాడు చేలో మట్టి బీటలు వారింది. సంపూర్ణమ్మ ఒక మొక్క చీల్చి చూసింది. పొట్టలో వెన్ను ఇంకా మెత్తగానే ఉంది. ఆ సాయంత్రం వెంకన్న ఇంటికి వెళ్లింది. వెంకన్న గుమ్మంలో సైకిల్ చెయిన్‌కు నూనె పెడుతున్నాడు. కూర్చోమనలేదు. ఆమె నిలబడే అడిగింది.

"ఆ శనివారం గోల్ఫులోకి ఎందుకెళ్లావు?"

"గోడకి లోపలి వైపు ఏముందో చూద్దామనండి. బయటి వైపు ఎంత వెతికినా ఏమీ కనపళ్లేదు. టీ ఇచ్చారు. గోడ దాకా మాత్రం వెళ్లనివ్వలేదండి."

"ఆ మాట ఆరోజు చెప్పొచ్చు కదయ్యా."

"చెప్పబోయానండి. ఎండ్రకాయ గేదంత ఉంటుందా అన్నారు."

వెంకన్న చెయిన్ తిప్పి చూసుకున్నాడు.

"ఊక వేసేదయితే ఉప్పుడు బియ్యం మిల్లు ఊక వేయండి. ఉడికిన ధాన్యం ఊక, ఎర్రగా ఉంటుంది. పచ్చి ఊక అయితే ఎవరి కళ్లం నుంచో కొట్టుకొచ్చిందంటారు. ఈ చుట్టుపక్కల ఉప్పుడు మిల్లు లేదు కదండీ."

సంపూర్ణమ్మ రామచంద్రపురం అవతల ఒక ఉప్పుడు మిల్లు నుంచి ఆటోలో రెండు బస్తాల ఊక తెచ్చింది. మార్చి 21, శుక్రవారం, ఆమె వంతు. ముద్రలు వేయడం అయ్యాక త్రిమూర్తులును అతని తూము దగ్గర నిలబెట్టింది.

"ఊక కనపడితే కేకెయ్యి."

"ఒక్క పొట్టు కనపడినా ఫోన్ చేస్తాను. నీ ముద్ర మీద ఒట్టు."

ఏడింటికి మొదటి తూము దగ్గర బస్తాలు విప్పి బోదెలో పోసింది. ఊక తేలింది. ఆమె గట్టు మీద దానితో పాటు నడిచింది. గోడ మొదలయ్యే వరకు ఊక బోదె నిండా పరుచుకుని కదిలింది. గోడ పక్కన బోదె కొద్దిగా వంపు తిరిగే చోట తూటికాడ పొద ఉంది. ఎనిమిది గంటలకు ఊక ఆ పొద దగ్గరకు చేరింది. అక్కడ గుండ్రంగా తిరిగి మునగడం మొదలుపెట్టింది. ముందుకు పోయింది గుప్పెడు కూడా లేదు.

ఆమె చీర దోపుకుని బోదెలో దిగింది. కాలితో పొదను పక్కకు నెట్టింది. నీళ్లు కాలిని గోడ వైపు లాగాయి. అరికాలికి ఇనుప జాలీ తగిలింది.

తొమ్మిదింటికి త్రిమూర్తులుకు ఫోన్ చేసింది.

"ఊకా లేదు, నీళ్లూ లేవు వదినా," అన్నాడతను. "కేకెయ్యడానికి కప్ప కూడా లేదు."

పదింటికి ప్రసన్నకుమార్ వచ్చాడు. అతనికి ఎవరు చెప్పారో తెలియదు. బోదెలోకి దిగలేదు.

"బోదె గట్లకి బొరియలు మామూలేనండి. ఎండ్రకాయలు చేస్తాయి కదా."

"ఎండ్రకాయ ఇనుప జాలీ కట్టుకుందా బాబూ?"

"మీరు కంగారు పడకండమ్మా. ఇంజినీరు గారితో నేను మాట్లాడతాను."

"నువ్వు మాట్లాడొద్దులే. ఈసారి మేమే మాట్లాడతాం."

మార్చి 22, శనివారం ఉదయం గోల్ఫ్ కోర్సులో స్ప్రింక్లర్లు ఆగిపోయాయి. ప్రారంభానికి ఎనిమిది రోజులుంది. కలుపు తీసే ఆడవాళ్లందరికీ తలో గుండుసూది ఇచ్చి నాజిళ్లు శుభ్రం చేయమన్నారు. వాళ్లలో రత్నమాణిక్యం ఒకతె. నాట్ల రోజుల్లో సంపూర్ణమ్మ చేలో కూలికి వచ్చే మనిషి. మధ్యాహ్నం నేరుగా సంపూర్ణమ్మ ఇంటికి వచ్చి కొంగు ముడి విప్పింది. అందులో ఊక ఉంది. ఎర్రగా ఉంది.

"నలభై ఒక్క నాజిళ్లు పొడిచామండి. అన్నిట్లోనూ ఇదే. లోపలున్న చెరువులోంచి వచ్చిందంటన్నారు. చెరువంతా ఊకేనండి, అటు గట్టున మేట వేసింది. చెరువులో ఊకెవరు పోశారని మేస్త్రి మమ్మల్ని తిడతన్నాడు."

"నువ్వేమన్నావు?"

"మా సంపూర్ణమ్మగారు పోశారని చెప్తానా ఏంటండీ! మాకేం తెలుసండి అన్నాను. ఆయ్."

మార్చి 24, సోమవారం, సెక్షన్ ఆఫీసు నుంచి ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, వచ్చాడు. అప్పటికి ముప్పై మంది గట్టు మీద ఉన్నారు. ఊక ఎక్కడి నుంచైనా రావచ్చని ఏఈ అన్నాడు. సంపూర్ణమ్మ మిల్లు వాళ్లిచ్చిన చీటీ, కొంగుముడిలో వచ్చిన ఊక ఆయన చేతిలో పెట్టింది. ఏఈ పొద దగ్గర తవ్వమన్నాడు. అడుగున్నర లోతులో ఎనిమిది అంగుళాల పీవీసీ పైపు బయటపడింది. ఒక చివర జాలీ ఉంది. రెండో చివర గోడ కింద నుంచి లోపలికి పోయింది.

"ఇది కొబ్బరితోట రోజుల్లో పాత యజమాని వేసుకున్న పైపండి," అన్నాడు ప్రసన్నకుమార్. "మాకు తెలియను కూడా తెలియదు."

త్రిమూర్తులు వంగి పైపు మీద బురద చేత్తో తుడిచాడు. తయారైన తేదీ దాని మీదే ముద్రించి ఉంది. 2024 అక్టోబరు.

"పాత యజమాని తోట అమ్మింది ఇరవై రెండులో కదా బాబూ. అమ్మేసిన తోటకి వచ్చి పైపేసి వెళ్లాడా? మంచోడు."

ప్రసన్నకుమార్ ఫోన్ తీసుకుని గోడ అవతలికి వెళ్లాడు. పైపు ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు అన్నది ఏఈ రాసుకోలేదు. పైపు నోటికి సిమెంటు పెట్టించి ఫోటో తీసుకుని వెళ్లాడు.

మార్చి 26న ఉదయం ఆరున్నరకు చివరి తూములో నాలుగు అంగుళాల నీళ్లున్నాయి. ఆరోజు ముద్రలు వేయడానికి సంపూర్ణమ్మతో పాటు త్రిమూర్తులు కూడా నడిచాడు. సిమెంటు పెట్టిన చోట కూడా బురద మెత్తి ఆమె అరచేయి అద్దింది.

చేలో అప్పటికే వెన్నులు బయటికి వచ్చాయి. సగానికి పైగా తెల్లగా, తాలుగా ఉన్నాయి.

మార్చి 27న రత్నమాణిక్యాన్ని పనికి రావద్దన్నారు. కారణం చెప్పలేదు. మార్చి 30న గోల్ఫ్ కోర్సు ప్రారంభమైంది. ఏప్రిల్ 10న కాలువలు కట్టేశారు. ఏప్రిల్ 11న గోడ అవతల స్ప్రింక్లర్లు తిరిగాయి. అది బోరు నీళ్లని కంపెనీ చెప్పింది. ఆ నీళ్లు ఎవరూ పరీక్షించలేదు.

ఏప్రిల్ 19న సంపూర్ణమ్మ చేను కోశారు. కిందటి దాళ్వాకు డెబ్బై బస్తాలు. ఈసారి ఇరవై ఆరు.

మర్నాడు ఆమె ఒక తెల్లకాగితం తీసుకుని ఇంటింటికీ తిరిగింది. లస్కర్ వెంకన్న మీద తాము పెట్టిన అర్జీ తప్పని, అతన్ని తిరిగి ఏడో నంబరు బోదెకు వేయాలని అందులో ఉంది. ఈసారి టైప్ చేయించలేదు. త్రిమూర్తులు చెప్తుంటే ఆమే రాసింది.

"ఇప్పుడు నీళ్లొస్తున్నాయి కదా సంపూర్ణమ్మా, మళ్లీ ఎందుకు?" అన్నారు కొందరు.

"మావాడు అక్కడ సెక్యూరిటీలో చేరాడమ్మా. నా పేరు రాయకు," అన్నారు ఇద్దరు.

"తప్పని రాస్తే ముందు మనమీదే కేసెడతారేమో," అన్నాడొకతను.

ఏప్రిల్ 21, సోమవారం, ఉదయం పదకొండింటికి ఆమె కాగితాన్ని సెక్షన్ ఆఫీసులో ఇచ్చింది. గుమాస్తా కింద వరకూ చూసి లెక్కపెట్టాడు. తొమ్మిది సంతకాలు, ఒక వేలిముద్ర. వేలిముద్ర రత్నమాణిక్యానిది. బోదె కింద ఆమెకు భూమి లేదు. గుమాస్తా రిజిస్టరులో 'సంతకాలు: తొమ్మిది' అని రాసి, ముద్ర వేసి, రసీదు చింపి ఇచ్చాడు.