వాకిలికి ఎదురుగా నిలబడినందుకు

నేను ఒక సిమెంటు స్తంభాన్ని. ఒంగోల్లో పరంధామయ్యగారి మేడకి ముందు వరండాలో, సింహద్వారానికి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాను. అదే నేను చేసిన నేరం.

పుట్టుకే నాకు అచ్చిరాలేదు. శూన్యమాసం ముంచుకొస్తోంది, ఈలోపే గృహప్రవేశం అయిపోవాలని, ఒంటికి నాలుగు నీళ్లయినా పట్టకముందే పోతకి చుట్టూ బిగించిన చెక్కలు ఊడదీశారు. కడుపులో ఇనుము తక్కువ, ఇసుక ఎక్కువ. కుంకుమబొట్లకు మాత్రం లోటు చేయలేదు.

అయినా మోశాను. ఇల్లాలు సువర్చలమ్మకి మోకాళ్ల నొప్పులు. నన్ను పట్టుకుంటేగాని వరండా మెట్టు దిగలేదు. ఆ చెయ్యి ఆనేచోట నా రంగు వెలిసింది. నాకు చుట్టమంటూ ఉన్నది ఆ చెయ్యి ఒక్కటే.

కొన్నాళ్లకు పరంధామయ్యకి వ్యాపారం మందగించింది. వాస్తు సిద్ధాంతి వచ్చాడు.

"ద్వారానికి స్తంభం ఎదురైతే ఎట్టా కలిసొస్తదయ్యా? ఓ పక్కగా చెక్కించు."

"సగం కాలు నరికి మనిషిని నిలబడమంటే నిలబడతాడా అండీ?" అంది సువర్చలమ్మ.

"నీకు తెలవదు, ఊరుకో!" అని కసిరాడు పరంధామయ్య.

నా నడుము సగం చెక్కేశారు. బయటపడ్డ కడ్డీలు కనపడకుండా సిమెంటు పూశారు.

ఒక పొద్దున కాఫీల వేళ భూమి కదిలింది. పరంధామయ్య ఒక్క దూకున వీధిలో పడ్డాడు. 'భూకంపం' అన్న మాట ఆయన నోట్లోంచి ముందొచ్చిందో, ఆయన గడపలోంచి ముందొచ్చాడో నేను చెప్పలేను. సువర్చలమ్మ ఇంకా వంటింట్లోనే ఉంది. చెక్కినవైపు నేను పెటపెటా పగులుతున్నాను. ఆమె దాటేదాకా ఆగితే చాలనుకున్నాను. గోడలు పట్టుకుంటూ వచ్చి, అలవాటు కొద్దీ నా మీదే బరువంతా ఆనించి మెట్టు దిగింది. ఇల్లంత బరువూ ఒకెత్తు, ఆ చెయ్యి ఒకెత్తు. ఆగాను. పైకప్పు జానెడు ఒరిగి నా మీదే నిలిచిపోయింది.

"ఆ స్తంభం చెక్కించబట్టే బతికి బట్టకట్టాం!" అని పరంధామయ్య వీధి వీధంతా చెప్పాడు. ఇరుగుపొరుగు సిద్ధాంతి ఇల్లెక్కడని అడిగారు.

ఇల్లు చూడటానికొచ్చిన ఇంజనీరు లోపలికి వెళ్లొద్దన్నాడు. సామాను తరలిపోయింది. మోసేదాన్ని మోస్తూనే ఉన్నా, ఎవరి కోసమో తెలియక దిగులుగా ఉండేది.

కూలగొట్టేవాళ్లు వచ్చిన రోజు సువర్చలమ్మ గేటు బయట నిలబడింది.

"దాన్ని పట్టుకునే దిగానండీ ఆ రోజు."

"పద పద, కొత్త ఇంటి ముహూర్తం దాటిపోద్ది," అంటూ పరంధామయ్య వెళ్లి ఆటోలో కూర్చున్నాడు.

ఆమె రోడ్డు గట్టు దిగబోతూ అలవాటుగా పక్కకి చెయ్యి చాచింది. అక్కడ నేను లేను.