జేబెజ్ అరికాళ్ళు

షెఫీల్డ్‌లో ఉక్కు కరిగించే మూసలకు మట్టి తొక్కడంలో జేబెజ్ స్టేసీని మించినవాడు లేడు. ముప్పై ఏళ్ళుగా వట్టి కాళ్ళతోనే తొక్కుతున్నాడు. ఆవగింజంత బొగ్గు రవ్వ తగిలినా అరికాలు పట్టేస్తుంది, వంగి తీసి అవతల పారేస్తాడు; అది మట్టిలో ఉండిపోతే మూస పొయ్యిలో పగులుతుంది మరి. అలాంటి మనిషి పోయిన చలికాలం ఒక తెలివితక్కువ పని చేశాడు. కొత్త మేనేజరు హోల్రాయిడ్ జాలిపడి తోలు బూట్లిస్తే, వెచ్చగా ఉన్నాయి కదా అని అవి వేసుకుని తొక్కాడు. ఇంకేముంది! ఆ మట్టితో చేసిన మూస ఒకటి పొయ్యిలోంచి తీస్తుండగానే పగిలి, కరిగిన ఉక్కంతా నేలపాలైంది. పోత మధ్యలో ఆగిపోయింది. ఓడ ఇరుసు కోసం పోస్తున్న అంత పెద్ద దిమ్మా తుక్కు కింద పోయింది.

"బూట్లేసుకోవడం నాదే బుద్ధితక్కువ, అయ్యగారూ," అని ఒప్పుకున్నాడు జేబెజ్.

"బూట్లు కాదయ్యా, నీ వయసు," అన్నాడు హోల్రాయిడ్. "దిమ్మ మళ్ళీ పోద్దాం. ఈసారి ఒక్క మూస పగిలినా మట్టి కలిపే మిషను తెప్పిస్తా. నువ్వింక ఇంటికే."

జేబెజ్‌కు ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి ఏం చెయ్యాలట, గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలా? బూట్లు మేకుకు తగిలించి, గడ్డకట్టే చలిలో మట్టిలోకి దిగాడు. కాళ్ళు కొంకర్లు పోయినా రోజుకు ఐదు గంటలు తొక్కాడు. నూట నలభై మూసలు చేసి, వారాల తరబడి ఆరబెట్టాడు.

పోత రోజు పొద్దున్న, ఉక్కు పోసే సెత్ ఓక్స్ పటకారు అందుకుంటూ, "మావా, నీ మూస నా కాళ్ళ మీద పగిలిందంటే నిన్ను కూడా అచ్చులో పోసేస్తా!" అన్నాడు.

"ముందు నీ చెయ్యి వణక్కుండా చూసుకో! పొద్దున్నే ఎన్ని బీర్లు లాగించావో!"

పోత మొదలైంది. ఒక మూస ఖాళీ అయ్యేలోపే ఇంకోటి అచ్చు మీదికి రావాలి, ధార తెగకూడదు. గోడ పక్కన నిలబడ్డ జేబెజ్, ఒక్కో మూస పైకి లేచినప్పుడల్లా కాలి వేళ్ళు బిగబట్టాడు. వంద దాటాయి. నూట ముప్పై దాటాయి. ఆఖరి మూస పైకి రాగానే దాని అడుగున నల్లటి గీత కనబడింది. పగులేనేమోనని జేబెజ్ గోడ వదిలి ముందుకు ఉరికాడు.

సెత్ కళ్ళు చిట్లించి చూశాడు. "అంటుకున్న బొగ్గు పెళ్ళేలే మావా!" అని అరిచి, చివరి చుక్కదాకా ఒంపేశాడు.

అచ్చు నిండింది. కేకలతో రేకుల కప్పు అదిరిపోయింది. జేబెజ్ ఏడ్చేశాడు, సిగ్గు కూడా పడలేదు.

హోల్రాయిడ్ వచ్చి చెయ్యి చాపాడు. "మిషను సంగతి వదిలెయ్యి. ఇంకా ఆరు ఇరుసులు పోయాలి."

సెత్ అడ్డొచ్చాడు. "చెయ్యేం చేసిందండీ, పని చేసింది కాలైతే? ఆ కాలి చెప్పు తియ్యి మావా!" అంటూ ముసలాయన్ని బల్ల మీద కూలేసి, ఆ పగుళ్ళ పాదం పట్టుకుని ఊపేశాడు. వెనకే ఒక్కొక్కరూ బారులు తీరారు.

హోల్రాయిడ్ కాసేపు తటపటాయించాడు. తర్వాత టోపీ తీసి చంకలో పెట్టుకుని, తనూ వరుసలో నిలబడ్డాడు.