జానెడు ఇసుక

చేవెళ్ల బజారులో ఆనంద్‌కుమార్ కిరాణం ఎరగనివాళ్ళు లేరు. చిన్నప్పుడు ఉప్పు బస్తా మీద కూర్చుని వ్యాపారం నేర్చుకున్న మనిషి. అలాంటివాడి ఇంట్లో, ముందుగదిలో, గోడ పొడవునా ఉప్పునీళ్ళ చేపల అక్వేరియం పెట్టారనేసరికి బజారంతా నవ్వింది. సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో కూర్చోవలసిన ఊరది. పైగా ఆ నీళ్ళలోకి దుకాణంలో ఉప్పు పనికిరాదట, డబ్బాలో వచ్చే వేరే ఉప్పేదో కలపాలట. "నా దుకాణంల ఉప్పు నా ఇంట్లనే నడువదంటున్నది నా బిడ్డ" అని గిరాకీలకు తనే చెప్పుకుని మురిసిపోయేవాడు.

బిడ్డ పేరు అక్షిత, పదో తరగతి. ఒక్కతే కూతురు. అక్వేరియం పూర్తిగా ఆ పిల్ల రాజ్యం. నారింజ రంగు ఒంటి మీద తెల్ల చారలున్న జంటకు మిర్చి, మసాలా అని పేర్లు పెట్టింది. ఇసుకను నోట్లోకి తీసుకుని మొప్పల్లోంచి జల్లించి వదిలే సన్నటి తెల్లచేపకు జల్లెడ అని పెట్టింది. కిరాణపు రక్తం ఎక్కడికి పోతుంది మరి. తాత భద్రయ్యకు మాత్రం ఇది మొదట్నుంచీ గిట్టలేదు. గుడ్డు కూడా గడప దాటి రాని ఇంట్లో చేపలేమిటని నెలరోజులు గొణిగాడు. తర్వాత ఎవరూ చూడనప్పుడు కుర్చీ జరుపుకుని వాటి ముందే కూర్చునేవాడు.

ఇప్పుడు అక్షిత హైదరాబాదు దవాఖానలో ఉంది. డెంగీ. ప్లేట్లెట్లు పడిపోతూ ఉంటే ఐసియులో పెట్టారు. తోడుగా ఒక్కరినే ఉండనిస్తారు, తల్లి కృష్ణవేణి ఉంది. ఆనంద్‌కుమార్ బయట వరండాలో పడి ఉంటానన్నాడు గానీ, జ్వరంతో కాలిపోతూ కూడా పిల్లే అతన్ని ఇంటికి తరిమింది.

"నువ్వు ఈడ కూసొని ఏం చేస్తవ్ డాడీ. అమ్మ ఉన్నది గదా. ఇసుక మీద నాచు పొర వస్తది. దినాం ఒక జానెడు మేర పైపైన పైపుతోని గుంజెయ్. జానెడే. వేలి కణుపు కంటె లోతుకు పోకు. జల్లెడ ఒక్కడు మొత్తం చెయ్యలేడు."

ఎందుకు జానెడే అని అతను అడగలేదు. ఆ పెదవులు ఎండిపోయి ఉంటే అడగడానికి మనసొప్పలేదు.

తిరుగు దారిలో చిల్కూరు గుడి దగ్గర దిగి పదకొండు ప్రదక్షిణాలు చేశాడు. కోరుకునేటప్పుడు పదకొండు, కోరిక తీరాక వచ్చి నూట ఎనిమిది, అక్కడి ఆనవాయితీ అది. నా బిడ్డ ఇంటికి రావాలె, అంతే కోరాడు. ఇంటికి వచ్చి, స్నానం చేసి, జానెడు ఇసుక శుభ్రం చేశాడు. మర్నాడు కృష్ణవేణి ఫోను చేసి, ప్లేట్లెట్లు అంతకంటే పడలేదని చెప్పింది. ఆ మాటతో అతని బుర్రలో ఒక ముడి పడింది. ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని తెలుసు. కానీ అప్పట్నుంచీ ఆ జానెడు పని పూజ అయిపోయింది. అది కానిదే చాయ్ కూడా ముట్టేవాడు కాదు. చేప బాగుంటే పిల్ల బాగుంటుంది. ఇసుక ఎంత తెల్లబడితే అంత తొందరగా ఇంటికొస్తుంది. నిలువునా వ్యాపారి అయిన మనిషి దేవుడితో బేరం ఆ విధంగా కుదుర్చుకున్నాడు.

ఆ పొద్దున కృష్ణవేణి గొంతు వేరేగా ఉంది.

"ప్లేట్లెట్లు బాగ పడిపోయినయంట. మల్ల రక్తం తీసుకపోయిన్రు. పగటాల్లకు ఎక్కిస్తమంటున్రు. నువ్వు జర రా."

"వస్తున్న" అన్నాడు. తాళంచెవులు కూడా తీసుకున్నాడు. కానీ ఆనాటి జానెడు ఇంకా మిగిలి ఉంది. అది చెయ్యకుండా ఎట్లా బయల్దేరడం? చెయ్యకుండా పోతే దారిలో ఏం వినవలసి వస్తుందో? చొక్కా చేతులు మడిచి పైపు నీళ్ళలో పెట్టాడు.

జానెడు అయింది. చెయ్యి ఆగలేదు. ఇంకో జానెడు చేశాడు. నిన్నటిదాకా జానెడు సరిపోయింది, ఇవాళ సరిపోలేదు, కాబట్టి ఇవాళ ఎక్కువ చెయ్యాలి. అతనికి అంత సూటిగా తోచింది. నూట ఎనిమిది మొక్కు ముందే చెల్లిస్తే దేవుడు కాదంటాడా? అద్దానికి ఆనుకుని ఇసుక అడుగున నల్లటి చార కనిపించింది. గరిసెలో అడుగు గింజ నల్లబడితే దుకాణదారుడు ఊరుకోడు, మొత్తం తిరగేస్తాడు. ఆనంద్‌కుమార్ పైపు పక్కన పడేసి, మోచేతి దాకా చెయ్యి ముంచి, బియ్యం కడిగినట్టు అడుగు నుంచి పైకి కలిపాడు. ఈ మూల నుంచి ఆ మూల దాకా కలిపాడు. నోట్లో గోవింద నామం ఆడుతూనే ఉంది. నీళ్ళు మసకబారి చేపలు కనిపించలేదు. మురికి పోతున్నదని అతనికి తృప్తిగా కూడా ఉంది.

అప్పుడు వాసన వచ్చింది.

"గ్యాసు కారుతున్నట్టున్నదిరా" అని లోపలి గదిలోంచి భద్రయ్య కేక వేశాడు. "మెయిన్ బంద్ చెయ్. స్విచ్చి గిట్ల ముట్టకు."

ఆనంద్‌కుమార్ ఉరికాడు. బయట కరెంటు మెయిన్ కట్టేశాడు. తలుపులు, కిటికీలు తెరిచాడు. తండ్రిని చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాడు. వంటింట్లో సిలిండరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని పైపు పొడవునా సబ్బు నురుగు రాసి చూశాడు. ఎక్కడా బుడగ లేదు. మళ్ళీ రాశాడు. అయినా వాసన పోలేదు, ముందుగదిలోనే ఎక్కువగా ఉంది. అక్కడికి వచ్చి నిలబడ్డాక గానీ అతనికి ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలియలేదు. రాత్రీ పగలూ గుర్రుమనే అక్వేరియం మోటార్లు ఆగిపోయి ఉన్నాయి. మిర్చి, మసాలా నీళ్ళ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

మెయిన్ వేశాడు. మోటార్లు తిరిగాయి. చేపలు కిందికి పోలేదు.

మొయినాబాద్ జనార్దన్ పటేల్ కొడుకు నవీన్‌కు ఫోను చేశాడు. చిల్కూరు తోవలో వాళ్ళ ఫామ్‌హౌసులో ఇంతకంటే పెద్ద ఉప్పునీళ్ళ అక్వేరియం ఉంది. అక్షితకు మొదటి పగడపు ముక్క ఇచ్చింది అతనే.

"కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తున్నదా అన్నా?"

"కోడిగుడ్డు మా ఇంట్లకు ఎన్నడొచ్చింది తమ్మీ, నాకేం ఎరుక. కుళ్ళిన ఆలుగడ్డ బస్తా లెక్క ఉన్నది."

"అదే. పాత ఇసుక అడుగుకు గాలి తగలది, ఆడ విషం జమయితది. కదిలిస్తె నీళ్ళల్ల కలుస్తది. అందుకే కొంచెం కొంచెం పైపైన చెయ్యాలె. మోటర్లయితే నడుస్తున్నయి గదా?"

"ఇంతసేపు బంద్ చేసి పెట్టిన."

"చేపల్ని పట్టుకొని వచ్చెయ్ అన్నా. నా దగ్గర నీళ్ళు తయారున్నయి. అక్షిత ఉప్పు కలిపి పెట్టుకున్న నీళ్ళ డబ్బా ఉంటది చూడు, ఆ నీళ్ళల్ల ఏసుకొని రా. పైకెల్లి నీళ్ళు పోసుకుంట ఉండాలె, గాలి తగలాలె. ఆపొద్దు."

డబ్బా అడుగున కాసిని నీళ్ళే ఉన్నాయి. దుకాణంలోంచి కొత్త స్టీలు క్యాను తెచ్చి అందులో పోశాడు. మిర్చి, మసాలా తేలిగ్గానే దొరికాయి. పారిపోయే ఓపిక ఉంటే కదా. మసక నీళ్ళలో జల్లెడ కోసం వెతికి వెతికి ఏడుపొచ్చింది. చివరికి రాయి కింద చేతికి తగిలాడు. కారు వెనక సీట్లో క్యాను పెట్టి చూస్తే, భద్రయ్య అప్పటికే దాని పక్కన ఎక్కి కూర్చున్నాడు, చేతిలో చెంబు.

"నువ్వు నడుపు, నేను పోస్త" అన్నాడు.

హైదరాబాదు వైపు పోయే బీజాపూర్ రోడ్డు మీద కారు ఎంత తొందరగా పోవాలో అంత తొందరగా పోలేదు. వెనక నుంచి చెంబు ముంచిన చప్పుడు, పోసిన చప్పుడు. కారు కుదుపులకు సగం నీళ్ళు ముసలాయన ఒళ్ళో పడుతున్నాయి. పంచె తడిసింది. చెంబు మాత్రం ఆపలేదు.

జేబులో ఫోను మోగింది. కృష్ణవేణి. ఆనంద్‌కుమార్ తియ్యలేదు.

"ఎత్తురా."

"ఎత్త బాపు."

"దవాఖాన నుంచిరా అది."

"అందుకే ఎత్త."

భద్రయ్యకు అర్థం కాలేదు. ఆనంద్‌కుమార్‌కు మాత్రం అంతా అద్దంలో కనిపించినంత స్పష్టంగా ఉంది. చేపలు బతికి ఉండగా ఫోను ఎత్తితే ఒక మాట వినబడుతుంది, చచ్చాక ఎత్తితే ఇంకో మాట వినబడుతుంది. తన చేత్తోనే కలిపాడు, తన చేత్తోనే మోటార్లు ఆపాడు. ఇక ఈ బేరంలో మిగిలింది ఈ క్యానులో ఉన్నదే. ఫోను ఆగి, మళ్ళీ మోగింది. జర ఆగు కృష్ణవేణీ, నీళ్ళలో వెయ్యనీ, తర్వాత ఏదైనా చెప్పు. స్టీరింగు పట్టుకుని లోపలే బతిమాలుకున్నాడు.

"ఒకటి పక్కకు ఒరిగిందిరా" అన్నాడు భద్రయ్య.

మొయినాబాద్ దాటి చిల్కూరు తోవకు తిరగగానే బండ్లు ఆగిపోయాయి. గుడికి పోయే ఆటోలు, కార్లు, కొబ్బరికాయల సంచులతో నడిచేవాళ్ళు. కొందరి చేతుల్లో ప్రదక్షిణాల లెక్కకు గళ్ళు గీసిన చీటీలున్నాయి. మొన్న తను కూడా అదే చీటీ పట్టుకుని తిరిగాడు. హారను మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. ఎవరో తిట్టారు. కళ్ళు తుడుచుకుని కారును రోడ్డు దింపి, మట్టిలోంచి పోనిచ్చాడు.

నవీన్ గేటు దగ్గరే ఉన్నాడు. క్యాను అందుకుని లోపలికి ఉరికాడు. మసాలా అప్పటికే పోయింది. మిర్చిని కొత్త నీళ్ళ తొట్టిలో ముంచి, మోటారు వదిలే గాలి బుడగలకు ఎదురుగా అరచేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నోరు ఒకసారి తెరుచుకుంది, మళ్ళీ తెరుచుకోలేదు. జల్లెడ ఆ తొట్టి అడుగున బోర్లా పడి ఉన్నాడు గానీ మొప్పలు కదులుతున్నాయి.

"వీడు బతుకుతడేమో" అన్నాడు నవీన్.

ఆనంద్‌కుమార్ నేల మీద కూలబడ్డాడు. చచ్చిన రెండింటినీ దోసిట్లో పెట్టుకున్నాడు. ఒళ్ళంతా భయం. ఫోను మళ్ళీ మోగింది, ఈసారి వీడియో కాల్.

నవీన్ వంగి మెల్లగా చెప్పాడు. "నా ట్యాంకుల అసొంటివే రెండున్నయి అన్నా. అవ్వి చూపించు. బీమారున్న పిల్లకు ఇప్పుడెందుకు చెప్పుడు."

చేపల్ని క్యాను మూత మీద పెట్టి, తడి చేత్తోనే ఫోను తీశాడు. కృష్ణవేణి ముఖం కోపంగా ఉంది.

"ఎన్నిసార్లు చెయ్యాలె? ఏడున్నవ్ అసలు? పొద్దుగాల తీసిన రక్తం సీసల గడ్డ కట్టిందంట, అందుకే లెక్క తప్పొచ్చిందంట. మల్ల తీసి చూసిన్రు, నిన్నటి కంటె పెరిగినయి. ఇందాకటిసంది గిది చెప్పాలనే చేస్తున్న. వార్డుకు తెచ్చిన్రు. ఇగో, నీ బిడ్డ."

పెరిగాయి. పొద్దున కూడా పెరిగే ఉన్నాయి. తను మోచేతి దాకా ముంచి కలుపుతున్నప్పుడు కూడా పెరిగే ఉన్నాయి. ఆ సంతోషం గుండెల్లోకి దిగేలోపే కళ్ళు మూత మీది చేపల మీద పడ్డాయి. రెండూ ఒకేసారి ఎట్లా మొయ్యాలో అతనికి చేతకాలేదు.

తెరలో అక్షిత ముఖం వచ్చింది. బుగ్గలు పీక్కుపోయాయి. చేతికి సూది ఉంది. అయినా కళ్ళు వెంటనే వెతకడం మొదలుపెట్టాయి.

"డాడీ, ఏడున్నవ్? ఇసుక చూపియ్."

నవీన్ తన ట్యాంకు వైపు సైగ చేశాడు. అందులో రెండు నారింజ రంగు చేపలు హాయిగా తిరుగుతున్నాయి. ఫోను అటు తిప్పితే చాలు. ఆనంద్‌కుమార్ చెయ్యి తిరగలేదు.

"మొత్తం కలిపిన బిడ్డా. అడుగు దాక కలిపిన. మిర్చి పోయింది. మసాలా పోయింది. జల్లెడ ఒక్కడున్నడు, నవీన్ దగ్గర."

అక్షిత రెప్ప వెయ్యలేదు. "జానెడే అని చెప్పిన గదా."

"చెప్పినవ్."

"మరెందుకు చేసినవ్?"

"జానెడు చేస్తె నీకు జర మంచిగయింది. మొత్తం చేస్తె..."

పిల్ల ముఖం ముడుచుకుంది. ఏడ్చింది. నీరసంగా కాదు, గొంతంతా పెట్టి, వార్డు మొత్తం వినేలా ఏడ్చింది. నీకేం తెలుసని చెయ్యి పెట్టినవ్, నేను చెప్పింది ఎందుకు వినవ్, వాటికి నోరున్నదా అని తిట్టింది. అన్ని రోజులుగా ఆ గొంతు గుసగుసకు మించి రాలేదు. అతను ఫోను దించలేదు. పక్కన భద్రయ్య జల్లెడ ఉన్న తొట్టి మీదికి వంగి చెంబుతో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. చాలు తాతా, మోటరున్నది అని నవీన్ చెప్పినా వినలేదు.

చివరికి అక్షిత ముక్కు చీదుకుంది.

"ఇంటికి పోయి ఇసుక ముట్టకు డాడీ. అసలు ఏదీ ముట్టకు."

"ముట్ట."

"నేనే వస్త. నేనే వచ్చి చేసుకుంట."

గుడిలో అతను కోరుకున్నది ఆ ఒక్క మాటే. ఇప్పుడది బిడ్డ నోటి నుంచి విని కూడా ఆనంద్‌కుమార్ తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాడు.