తెల్ల గన్నేరు, ఎర్ర గన్నేరు

సారంగపాణి ఏ నిర్ణయం తీసుకోవాలన్నా ముందు పెరట్లో గన్నేరు చెట్ల దగ్గరికి పోతాడు. పెళ్ళయిన పదమూడేళ్ళుగా వేదవల్లి చూస్తున్న భాగోతమిది. తెల్ల పువ్వొకటి, ఎర్ర పువ్వొకటి కోసి, విడివిడిగా అరిటాకు ముక్కల్లో చుట్టి, నారతో కట్టి వేంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టాలి. కళ్ళు మూసుకుని ఒక పొట్లం తీయాలి. తెల్లదొస్తే స్వామి సరేనన్నట్టు, ఎర్రదొస్తే వద్దన్నట్టు. పెళ్ళి సంబంధాలకూ బావి తవ్వడానికీ ఇలా అడగడం వాళ్ళ ఇళ్ళల్లో ఉన్నదే, దాన్ని వేదవల్లి తప్పుపట్టదు. కానీ గోడలకు సున్నం ఏ నెలలో వేయించాలో కూడా స్వామినే అడిగే మనిషిని ఏమనాలి? ఆ స్వామికి మాత్రం వేరే పని లేదా?

ఈసారి సంగతి సున్నం కాదు. లెక్కల మాస్టరు సారంగపాణిని సత్యవేడు హైస్కూలుకు హెడ్మాస్టరుగా వేస్తూ ఆర్డరు వచ్చింది. సోమవారం చేరాలి, లేదా వద్దని రాసివ్వాలి. నాలుగేళ్ళ కిందట ఇలాగే కార్వేటినగరానికి వేసినప్పుడు ఎర్రపువ్వు వచ్చిందని రాసిచ్చేశాడు. ఆయనకంటే చిన్నవాడు దేవరాజులు పోయి ఆ కుర్చీలో కూర్చున్నాడు. రెండోసారి కూడా వద్దంటే ఇక పిలిచేవాళ్ళుండరని ఆఫీసు గుమాస్తా మొహమాటం లేకుండా చెప్పాడు.

ఆర్డరు వచ్చి ఐదు రోజులైంది. ఐదు రోజులుగా కంచంలో అన్నం కెలుకుతున్నాడే తప్ప తినడం లేదు. ఆ ఊళ్ళో సగంమంది అరవం మాట్లాడతారంట అంటాడు. ఆయనకు అరవం బాగానే వచ్చు. అక్కడి నీళ్ళు పడవంట అంటాడు. అసలు కథ వేదవల్లికి తెలుసు. పదేళ్ళ కిందట ఒక ఆగస్టు పదిహేనున మాట్లాడమంటే, జెండా కింద నిలబడి నాలుగు మాటలు చెప్పి, ఐదోది గొంతులో ఇరుక్కుని దిగివచ్చేశాడు. పిల్లలు నవ్వారు. హెడ్మాస్టరంటే రోజూ పొద్దున ప్రార్థనలో నిలబడి మాట్లాడాలి, అదీ ఆయన బాధ.

శనివారం పొద్దున స్నానం చేసి వచ్చి, "వేదా, పొట్లాలు నువ్వు కట్టు" అన్నాడు.

"ఎప్పుడూ మీరే కదా కట్టేది?"

"ఈసారి నువ్వే కట్టు. నా చేతులు వణకతాండాయి."

వేదవల్లికి ఒళ్ళు మండిపోయింది. పెరట్లోకి పోయి తెల్ల పువ్వు కోసింది. ఎర్ర పువ్వు మీద చెయ్యి వేసి ఆగింది. ఖర్మకాలి ఇదే వస్తే? ఈ మనిషి బతుకంతా ఆ పదో తరగతి లెక్కల్లోనే తెల్లారిపోతుంది. అటూ ఇటూ చూసి ఇంకో తెల్ల పువ్వే కోసింది. "తప్పయితే నాది, స్వామీ" అని లెంపలు వేసుకుని, రెండూ చుట్టి పటం ముందు పెట్టింది.

సారంగపాణి కళ్ళు మూసుకుని ఒకటి తీశాడు. విప్పితే తెల్లది. సంతోషించాల్సిన మొహం వాడిపోయింది.

"ఒకసారి చాలదు వేదా. మళ్ళీ కట్టు. ఇంకా రెండుసార్లు అడగాల."

అంతే, వేదవల్లికి ఓపిక అయిపోయింది.

"కార్వేటినగరానికి ఎర్రది వచ్చినప్పుడు ఎన్నిసార్లు అడిగినారు?"

"ఒకసారే."

"ఎర్రదొస్తే ఒకసారి చాలు, తెల్లదొస్తే మూడుసార్లు అడగాలనా? ఇంక ఆయన్ని అడిగేదెందుకు? మీ భయానికి ఆయన చేత సంతకం పెట్టించుకునేదానికా? ఇదో సూడండి!" రెండో పొట్లం విప్పి ఆయన ముందు పడేసింది. "ఇదీ తెల్లదే. రెండూ నేనే కట్టినాను. ఆ పాపమేదో నాకే రానీండి!"

ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడనుకుంది. సారంగపాణి అరవలేదు. పటం ముందే చతికిలబడి రెండు పువ్వుల్నీ అరచేతిలోకి తీసుకున్నాడు.

"కార్వేటినగరానికి నేను రెండూ ఎర్రవే కట్టినాను" అన్నాడు.

వేదవల్లికి ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి.

"నాలుగేళ్ళు! కొండకు పోయినప్పుడల్లా ఆయన మొహం చూసి, మాకెందుకు వద్దంటివి స్వామీ అని నిష్ఠూరమాడినానే! ఆయన అననే లేదా? అంతా మీరేనా?"

"అందుకే ఈసారి నిన్ను కట్టమన్నాను. నా చేతులే మళ్ళీ ఏం చేస్తాయో అని." పువ్వుల్ని పటం ముందు పెట్టాడు. "జవాబు ముందే రాసుకుని లెక్క చేసే పిలగాళ్ళని బెంచీ ఎక్కిస్తాను నేను. ఇన్నేళ్ళూ నేను చేసింది అదే వేదా. ఆయన్ని ఏనాడూ అడగనే లేదు."

వేదవల్లి విసురుగా వంటింట్లోకి పోయి గిన్నెలు దడదడలాడించింది. నలభై రెండేళ్ళ మనిషి! దేవుడికే దొంగ పొట్లాలు కట్టే మనిషి! తను కట్టినవీ దొంగవేనని గుర్తొచ్చి మరింత మండింది. ఎప్పటికో తొంగిచూస్తే ఆయన సాష్టాంగపడి లేస్తున్నాడు. మొహం తడిగా ఉంది.

"ఇప్పుడేం అడిగినారు?"

"ఏమీ అడగలేదు. నాకు భయంగా ఉండాది, అయినా పోతాండాను అని చెప్పినాను. ఆయనతో ఒక్క నిజం చెప్పేదానికి ఇన్నేళ్ళు పట్టె." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "భయమైతే పోలేదు వేదా. కానీ దాంతో నేనొక్కణ్ణే లేనట్టుండాది."

సోమవారం తెల్లవారి మొదటి బస్సుకు బయలుదేరాడు. టిక్కెట్టు తీసుకునేటప్పుడు చిల్లర మూడుసార్లు లెక్కపెట్టాడు. అయినా కిటికీలోంచి చూసి, "ఇంటికి పో, నేను పోయి వస్తా" అన్నాడు.

వేదవల్లి ఇంటికి వచ్చింది. గుండె మీది బరువు దిగిందనుకుంటూ ముగ్గు వేసింది, పాలు కాచింది. గడియారం తొమ్మిది దాటింది. ఇంకాసేపటికి అక్కడ ప్రార్థన బెల్లు కొడతారు. ఐదో మాట మళ్ళీ గొంతులో ఇరుక్కుంటే? పిల్లలు మళ్ళీ నవ్వితే? అనవసరంగా తనే తరిమిందా? ఆయన నెగ్గుకొస్తాడా లేదా, ఆ ఒక్కటీ తెలిస్తే చాలు.

తెలివి వచ్చి చూసుకునేసరికి పెరట్లో ఉంది. ఒక చేతిలో తెల్ల పువ్వు, ఇంకో చేతిలో ఎర్ర పువ్వు. అరిటాకు ముక్క అప్పుడే చించి పెట్టుకుంది కూడా.

"ఛీ, నా మొహం మండ!" అని తనను తానే తిట్టుకుంది.

పటం ముందుకు వచ్చి నిలబడింది. "నాకూ భయంగానే ఉండాది స్వామీ" అంది. అని, రెండు పువ్వుల్నీ ఒకే దారానికి గుచ్చి పటానికి వేసింది.