గోధుమరంగు పెట్టె గొంతు

వాన వెలిసిన ఇంగ్లండులోని నార్ఫోక్ ఆకాశం కింద, బార్లీ కోసిన చేలో, మట్టిలో పాత నాణేలు వెతికే క్లబ్బువాళ్లు ఎవరికివారు ఎడంగా నడుస్తున్నారు. అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు, అందరి చూపులూ చేతిలోని యంత్రం తెరమీది అంకెల పైన. ఒక్క నెవిల్ థర్ట్ల్ మాత్రం కళ్లు మూసుకుని, కొయ్యకాళ్ల మధ్య కొంగలా అడుగు తీసి అడుగు వేస్తున్నాడు. అతని చేతిలోని మెటల్ డిటెక్టర్‌కు తెర లేదు, అంకెలు లేవు. గోధుమరంగు పెట్టె, దానికి మూడు గుండ్రటి మీటలు, ఒక గొంతు. హెడ్‌ఫోన్ తగిలించే రంధ్రం ఎప్పుడో పాడైంది గనుక ఆ గొంతు సగం చేనుకు వినిపిస్తుంది.

ఆ పెట్టె నిజానికి అదే క్లబ్బులోని రొవీనా గెడ్జ్‌ది. ఊళ్లో జుట్టు కత్తిరించే దుకాణం పెట్టిన కొత్తలో, తొలి సంపాదనతో కొనుక్కున్నది. పిడికి చుట్టిన గుడ్డపట్టీ మీద ఆమె వేళ్ల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి పెట్టెను ఆమె పందెంలో పెట్టింది.

తప్పు టీ ఫ్లాస్కుల దగ్గర జరిగింది. కోతలైన తొలి ఆదివారం, నెవిల్ తన కొత్త యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని, సాసేజ్ రొట్టె నములుతూ ఆమెను ఆటపట్టించాడు.

"ఇంకా ఆ ముసల్దాన్నే మోస్తున్నావా తల్లీ? దానికి మేకూ తెలీదు, నాణెమూ తెలీదు. అన్నిటికీ ఒకటే మూలుగు."

"దానికి తెలుసు. నీకు చెవుల్లేవంతే."

"చెవులుండీ ఏం లాభం? గుడ్డి పెట్టె కదా."

రొవీనాకు ఒళ్లు మండింది. "దమ్ముంటే నువ్వే మొయ్యి. ఈ చేలో గోధుమలు విత్తేలోగా దాంతో ఒక్క వెండి నాణెం తియ్యి, పెట్టె నీదే. తియ్యలేకపోతే నోరు మూసుకుని తిరిగిచ్చెయ్."

వారం తిరిగేసరికి విసుగెత్తి తెచ్చిస్తాడని ఆమె లెక్క. ఆ లెక్క తప్పింది. నెవిల్ జేబులు తుప్పుమేకులతో, సీసామూతలతో, నాగలి ముక్కలతో బరువెక్కాయి. ముఖం మాత్రం రోజురోజుకూ తేలికపడింది. గబగబా చేను చుట్టి ఇంటికెళ్లే మనిషి, ఇప్పుడు పొద్దు వాలినా కదలడం లేదు.

బదులుగా అతని కొత్త యంత్రం రొవీనా చేతికొచ్చింది. దాంతో ఆమెకు నాణేలు దండిగానే దొరికాయి. కానీ తవ్వకముందే తెర అంతా చెప్పేసేది: ఇది రాగి, ఇది రేకు, ఇది ఇంత లోతు. కానుక విప్పకుండానే అందులో ఏముందో చెప్పేసే మేనత్తలా ఉండేది దాని వరస. ఆమె పెందలాడే ఇంటికెళ్లిపోయేది.

రేపు ఈ చేలో విత్తనాలు పడతాయి. నెవిల్ చేతికి ఇంకా వెండి తగల్లేదు. పొద్దు వాలుతోంది. ఇంకొంచెం ఓపిక పడితే చాలు, పెట్టె ఇంటికొస్తుంది.

హెడ్‌ఫోన్లు మెడకు జార్చుకున్న రొవీనాకు అప్పుడు వినిపించింది. దూరాన, కంచె పక్కన, పెట్టె చిన్నగా తడబడింది. గరగరమని, ఆగి, మళ్లీ సన్నగా సాగింది. వింటే మేకు మీద పోయినట్టే ఉంటుంది. నెవిల్ క్షణం నిలబడి, తల అడ్డంగా ఊపి, ముందుకు అడుగు వేశాడు.

మేకు కాదది. మేకు గొంతు చివర్లో విరుగుతుంది. ఇది విరగలేదు, వంగింది. వంకరపోయిన వెండి అలాగే పలుకుతుందని రొవీనా చెవులకు తెలుసు.

నోరు మూసుకుంటే చాలు. ఎవరికీ అన్యాయం కాదు, అబద్ధమూ కాదు. అతను ఇంకో అడుగు వేశాడు. రేపు దానిమీదుగా ట్రాక్టరు పోతుంది, గోధుమ మొలుస్తుంది, మళ్లీ ఎవరి కాలు అక్కడ పడుతుందో, ఎవరి చెవికి ఆ పిలుపు అందుతుందో.

"నెవిల్, ఆగు. వెనక్కి రా. ఎడమకాలి దగ్గర."

"మేకేలే."

"మేకు కాదు. తవ్వు."

ఆమె దగ్గరికి నడిచేకొద్దీ పాత పెట్టె కీచుమని అరవసాగింది. పక్కనే ఇంకో యంత్రం పనిచేస్తుంటే దానికి పడదు.

"చూశావా, నిన్ను చూడగానే ఏడుపు లంకించుకుంది. ముందు నీ దాన్ని ఆపు, చెవులు పోతున్నాయి" అన్నాడు నెవిల్, మోకాళ్ల మీద కూర్చుంటూ.

ఆమె ఆపింది. అతను మట్టిగడ్డ పైకెత్తి, వేళ్లతో చిదిపాడు. మూడు వందల ఏళ్లనాటి ఆరు పెన్నీల బిళ్ల, ప్రేమించిన పిల్లకిచ్చేందుకు ఎవరో అటూ ఇటూ వంచినది, తడిగా మెరిసింది. రొవీనా కూడా పక్కన కూర్చుని, వంగి చూసింది.

"వెండే" అంది రొవీనా. "పెట్టె నీదే."

నెవిల్ గోయి పూడ్చి, మట్టిని అరచేత్తో అదిమాడు. ఆ పని కావలసినదానికంటే ఎక్కువసేపు చేశాడు.

"ఎందుకు చెప్పావు? ఊరుకుంటే గెలిచేదానివిగా."

"అది పిలుస్తుంటే ఎలా ఊరుకోను?"

"పిలిచింది నన్ను కాదుగా. నేను దాటిపోయాను." పెట్టెను ఆమె ఒళ్లో పెట్టి, తన కొత్త యంత్రాన్ని అందుకున్నాడు. "తీసుకెళ్లు తల్లీ. బాగా బతిమాలించుకున్నాక ఇద్దామనుకున్నా. బిళ్ల మాత్రం ఈ చేను యజమాని లార్వుడ్ అమ్మగారికి నేనే చూపిస్తా. తీసింది నేనన్న ఆ కాస్త గొప్ప నాకొదిలెయ్."

"చెవులెవరివని అడిగితే?"

"అద్దెకు తెచ్చానంటా."

రొవీనా గుడ్డపట్టీ మీద వేళ్లు పెట్టింది. వేళ్లు తమ గుంటల్లోకి తామే ఒదిగాయి.

తరువాతి ఆదివారం, కొత్త చేను గేటు దగ్గర అందరూ నెవిల్ చుట్టూ మూగారు. పాత సామాన్ల సంతలో ఇంకా ముసలి యంత్రాన్నొకదాన్ని పట్టుకొచ్చాడు. కర్రపిడి, పళ్లెమంత తల. కాలితో ఒకసారి తన్నితే తప్ప మేలుకోదు. కొత్తదేమైందని అడిగితే, ట్రాక్టరు నుంచి ఊడిపడ్డ బోల్టులు వెతుక్కోవడానికి లార్వుడ్ అమ్మగారు తీసుకున్నారన్నాడు.

"దూరంగా నడువు, నెవిల్. నాదానికి పడదు" అంది రొవీనా.

అతను దూరంగానే మొదలుపెట్టాడు. కానీ చేను నడుమకొచ్చేసరికి రెండు పెట్టెలూ ఎదురుపడి, సంతలో గొర్రెల్లా ఒకదాన్ని చూసి ఒకటి అరుచుకున్నాయి. హెడ్‌ఫోన్లవాళ్లు విసుక్కుంటూ కంచె వైపు జరిగిపోయారు. ఆ ఇద్దరూ మాత్రం, ఎవరు పక్కకు తప్పుకోవాలో తేల్చుకోకుండా, అక్కడే నిలబడి నవ్వుకుంటున్నారు.