అచ్చుకాగితం అంచున తిట్టు

దగ్గరికి జరుగు తల్లీ, చెబుతాను. మా వదినలిద్దరూ ఒకే ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. పెద్దొదిన కామాలతో సహా పైకి చదివితే, చిన్నొదిన విన్నది విన్నట్టు అచ్చుకాగితం మీద దిద్దేది. ఇకమీదట ఒకరినే ఉంచుకుంటానని యజమాని అన్నప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఒకనాడు పెద్దొదిన చదువుతూ చదువుతూ, గొంతు మార్చకుండానే, "నీ మొహానికి ఉద్యోగమొకటి కామా వెళ్ళి అంట్లు తోముకో ఫుల్‌స్టాప్" అంది. చిన్నొదిన తలెత్తకుండా దాన్నీ అంచున రాసేసింది.

"ఈ తిట్టెవరిదమ్మా?" అన్నాడు యజమాని, దిద్దిన కాగితం చూసి.

"అక్క చదివింది, నేను రాశాను."

ఉద్యోగం చిన్నొదినకే దక్కింది. సంచీ భుజాన వేసుకుని, పెద్దొదిన గుమ్మంలో ఆగింది.

"నా తిట్టులో కామా ఎగ్గొట్టావు, చూసుకో."

చిన్నొదిన చూసుకుంది. నిజమే. పళ్ళు కొరుకుతూ పెట్టింది.

నువ్వు ఇంకొకరికి చెప్పేటప్పుడు, ఆ కామా మాత్రం మరిచిపోకు.