పైపెదవి కొలత

కోడలి మొహం కొలవడం అత్తగారికి రెండు నెలలుగా అలవాటైపోయింది. ఆవిడ దర్జీ. మెడలో టేపు లేకుండా కనిపించదు. మనవరాలు గ్రహణం మొర్రితో, అంగిట్లో కంతతో పుట్టిన మూడో రోజునే బాలింత మంచం దగ్గరికొచ్చి, ఆ టేపు కోడలి ముక్కుకు అడ్డంగా పెట్టింది.

"చూశావా, ఎంత వెడల్పో! మీవాళ్ళందరివీ ఇవే మొహాలు. అక్కణ్ణుంచే దిగింది ఈ దరిద్రం."

సుద్ద అంటిన ఆ వేళ్ళు పెదవికి తగిలినప్పుడల్లా కోడలు కొంగుతో మూతి తుడుచుకునేది. ఛీ, పాత బట్టల మూటనైనా కాస్త మర్యాదగా ముట్టుకుంటారు! పక్కనే మొగుడు మీసం దువ్వుకుంటూ కూర్చునేవాడు. పాపకు చెంచాతో పోసిన పాలు ముక్కులోంచి కారిపోతుంటే అటు తిరిగేవాడు.

ఇంతలో ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల మొహాలు కొలిచి, మొర్రి వంశంలో ఎలా వస్తుందో చూస్తున్నారట. అత్తగారు ఎగిరి గంతేసింది. పాప ఆపరేషన్‌కి తేదీ తీసుకుందామని కోడలు అడిగిన ప్రతిసారీ ఇక ఒకటే జవాబు.

"రానీ ఆ కొలతల కాగితం. తప్పెవరిదో తేలాక తల్లీపిల్లా పుట్టింటికే. ఆపరేషనూ వాళ్ళే చేయించుకుంటారు."

ఆసుపత్రి కొలతల గదిలో ఒక స్టూలు, ఒక బల్ల, రెండు కొనల ఉక్కు పరికరం. కొలతలు తీసే అమ్మాయి ఒక్కో కొలతా మూడుసార్లు తీసి రాస్తోంది. కోడలి వంతు అయిందో లేదో అత్తగారు కాగితంలోకి తొంగిచూసింది.

"ఎంతొచ్చింది? ఎక్కువే కదూ?"

"ఇది తప్పులు తేల్చే లెక్క కాదమ్మా. చాలామందివి కలిపి చూస్తే ఏదైనా తెలుస్తుందేమో. ఒక్కరి మొహం చూసి ఏమీ చెప్పలేం," అంటూ ఆ అమ్మాయి ఈసారి కోడలి మొగుణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టింది. "సార్, పైపెదవి కొలవాలి. మీసం కాస్త పక్కకి దువ్వండి."

"మీసం జోలికెళ్ళకు!" అత్తగారు కసిరింది. "అందాజుగా రాసేసుకో."

"అందాజులు రాయకూడదమ్మా."

దువ్వెన వెంట్రుకల్ని విడదీసింది. ముక్కు కింద నుంచి పెదవి దాకా సన్నటి తెల్లగీత, దానికి అటూ ఇటూ చిన్న చిన్న చుక్కలు. కోడలు పెళ్ళయినప్పటి నుంచీ అత్తగారి దుకాణంలో కాజాలు కుడుతోంది. చిరుగును కలిపి కుట్టిన చోటు ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాలా?

"చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డాడు," అత్తగారు గబగబా అంది.

"పసితనంలో ఆపరేషన్ అయిందా సార్?" ఆ అమ్మాయి అతన్నే అడిగింది.

అతను తల వంచుకున్నాడు. "మూడో నెలలో."

"మీకు తెలుసా?" అంది కోడలు. "ఎప్పటి నుంచి?"

"చదువుకునే రోజుల నుంచీ. అమ్మ ఎవరికీ చెప్పొద్దంది."

అత్తగారంటే కంపరం పాతదే. అసలు రోత ఇప్పుడు పుట్టింది. రెండు నెలలు! టేపు తన మొహం మీద పాకుతున్న రెండు నెలలూ ఈ మనిషి అన్నీ తెలిసి పక్కనే కూర్చున్నాడు. అతనితో ఒకే కంచంలో తిన్నందుకు కూడా ఆమెకు తన మీద తనకే అసహ్యమేసింది.

"సరే, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం పదండి," అంటూ అత్తగారు టేపు చుట్టింది.

కోడలి భుజం మీద పాప గుక్కపట్టింది. అతను ఎత్తుకోబోతే కోడలు ఇవ్వలేదు.

"నేను వెళ్ళి ఆపరేషన్‌కి తేదీ తీసుకుంటాను. మీరు మీసం తీయించుకుని రండి. అప్పుడు ఎత్తుకుందురుగాని."

"మీసం ఎందుకు?"

"దాచుకోవడానికి దీనికి మీసం రాదు కదండీ. కనీసం వాళ్ళ నాన్న మొహమైనా చూడనివ్వండి."